ఆయన నింపిన గాలి

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు మధ్యాహ్నం, అత్తమ్మ రేకుల షెడ్డు ముందు పీట వేసుకుని కూర్చుంది. అన్నానికి పిలుద్దామని వెళ్తే మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తింది.

"లోపట ఎవరో ఊపిరి తీస్తున్న సప్పుడు అయితుంది బిడ్డా. జర ఇను," అంది.

విన్నాను. నిజంగానే వినబడింది. పళ్ళ సందుల్లోంచి ఎవరో గాలి వదులుతున్నట్టు సన్నగా, ఆగకుండా వస్తోంది. మా ఆయన పోయిన రోజు నుంచి ఆ షెడ్డు తాళం ఎవరూ తీయలేదు.

కరీంనగర్ దాటాక జమ్మికుంట వెళ్ళే దారిలో మాకు కొంచెం పత్తి చేను ఉండేది. ఆయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక అందులో పెయింట్‌బాల్ మైదానం పెట్టాడు. గల్ఫ్‌లో ఉన్నప్పుడు సముద్రం అడుగుకు దిగేవాళ్ళకు గాలి సిలిండర్లు నింపే దుకాణంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆయనకు బాగా వచ్చిన పని అదే. పాత టైర్లు, డ్రమ్ములు, ఇసుక బస్తాలు అడ్డంగా పేర్చి ఆటస్థలం తయారుచేశాడు. కాలేజీ పిల్లలు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు వచ్చి, ముఖాలకు మాస్కులు పెట్టుకుని, రంగు గోళీలతో ఒకరినొకరు కాల్చుకుని నవ్వుకుంటూ వెళ్ళేవారు. పక్క చేలల్లో పత్తి ఏరే ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి, పైసలిచ్చి మరీ బట్టలు ఖరాబు చేసుకుంటున్నారేమిటని ముక్కున వేలేసుకునేవారు.

ప్రతి గన్నుకూ ఒక చిన్న గాలి ట్యాంకు ఉంటుంది. కంప్రెసర్ యంత్రంతో షెడ్డులోని పెద్ద సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, దాని నుంచి వాటిని నింపాలి. ట్యాంకు గన్నుకు బిగించే చోట వేలి ఉంగరం కన్నా చిన్న రబ్బరు రింగు ఉంటుంది. అది ఏ కాస్త చీలినా గాలి నిలవదు. ఆట అయిపోయాక ఆయన ఒక్కో గన్నునూ చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. అనుమానం వస్తే సబ్బు నురగ రాసి బుడగ లేస్తుందేమోనని చూసేవాడు. లోపల గాలి ఉండగా ఏ మరా విప్పొద్దని, కొత్త రింగుకు ఒక్క చుక్క నూనె చాలని నాకూ నేర్పాడు. నాకు అప్పట్లో అదంతా విసుగ్గా ఉండేది.

ఆదిలాబాద్‌లో ఒక కాలేజీ వాళ్ళు ఆట చూపించమని అడిగితే, గన్నులు సంచిలో సర్దుకుని పొద్దున్నే బయలుదేరాడు. నిర్మల్ దాటాక, ఘాట్ రోడ్డు ఎక్కేముందు టీ కొట్టు దగ్గర ఆగాడట. బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. ఆయన ఫోన్ నుంచే ఆ కొట్టతను నాకు ఫోన్ చేశాడు.

"చాయ్ చేతిలనే ఉండె అక్కా. ఒక్క గుక్క గూడ తాగలే," అన్నాడు.

ఆ మాట తర్వాత అతను ఇంకేం చెప్పాడో నాకు గుర్తులేదు.

షెడ్డు తాళం తీసి లోపలికి వెళ్ళాను. గాలిలో నూనె, రబ్బరు వాసన. పెద్ద సిలిండర్ వాల్వు మూత కొద్దిగా తెరిచే ఉంది. బయలుదేరే తొందరలో ఆయన పూర్తిగా బిగించలేదు. పైపు అతుకు దగ్గర నురగ రాస్తే ఒక బుడగ మెల్లగా ఉబ్బి పగిలింది. వెంటనే ఇంకొకటి లేచింది. మీటరు ముల్లు సగానికి దిగిపోయింది.

"ఎవ్వలు లేరు అత్తమ్మా. రింగు వోయింది. గాలి కారుతుంది," అన్నాను.

అత్తమ్మ నా వైపు చూడలేదు. "గాలని నాకు తెల్వదా? గది వాడు నింపిన గాలే గదా," అంది.

మూత మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఇద్దరం అక్కడే కూర్చునేవాళ్ళం. నేను లేచి మీటరు చూసొచ్చినప్పుడల్లా అత్తమ్మ నా ముఖం చూసేది. ఎంత ఉందని అడిగేది కాదు. చప్పుడు రోజురోజుకూ సన్నబడుతోంది. ఒకరోజు గాలికి రేకులు కదిలిన చప్పుడులో అది బొత్తిగా వినబడలేదు. అత్తమ్మ కంగారుగా లేచి తలుపుకు చెవి ఆనించింది.

"ఇంగ బంద్ చెయ్యి బిడ్డా. ఉన్న కాడికి ఉండనియ్యి," అంది.

మూత బిగించాను. చప్పుడు ఆగిపోయింది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. అప్పటి నుంచి అది ఎక్కడ పడితే అక్కడ వినబడేది. కుక్కర్ విజిల్‌కు ముందు, బస్టాండులో బస్సు బ్రేకులు వదిలినప్పుడు, నల్లా ఆగిపోయే ముందు. విన్న ప్రతిసారీ చేతిలో పని వదిలేసి నిలబడిపోయేదాన్ని.

మైదానం మూసేస్తే ఇంట్లో ఇద్దరం గోడలు చూసుకుంటూ కూర్చోవాలి. అందుకే మళ్ళీ తెరిచాను. అరిగిన రింగులు తీసి కొత్తవి వేయడం మొదలుపెడితే నా వేళ్ళకు అవి చిక్కేవి కావు. అత్తమ్మ నా చేతిలోంచి గన్ను తీసుకుంది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్ళు ఆమెవి. రింగును బొటనవేలి కింద ఒకసారి దొర్లించి, చీలిక ఉంటే పక్కన పడేసేది. చిన్న ట్యాంకులను నేను నేరుగా కంప్రెసర్ నుంచే నింపేదాన్ని. ఆలస్యమయ్యేది. అయినా పెద్ద సిలిండర్‌ను ఇద్దరిలో ఎవరమూ ముట్టుకోలేదు.

దానికి కొన్నేళ్ళకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఆ గడువు వచ్చింది. పరీక్ష చేసేవాళ్ళు ఖాళీ చేసి తెమ్మన్నారు. ఈ సంగతి అత్తమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అన్నం తినేటప్పుడు మెల్లగా చెప్పాను. ఆమె తినడం ఆపలేదు. చెయ్యి కడుక్కున్నాక, ఆ గాలి తానే వదులుతానంది.

ఇద్దరం దాన్ని బయటికి దొర్లించి వేపచెట్టు మొదలుకు తాళ్ళతో కట్టాం. అత్తమ్మ మూత తిప్పింది. గాలి ఒక్కసారిగా దూసుకొచ్చింది. ఎదురుగా దుమ్ము లేచింది. దూరంగా జరగమన్నాను. ఆమె పక్కకు తప్పుకుంది గానీ దూరం పోలేదు, ఆ గాలికి చెయ్యి అడ్డం పెట్టింది. కొంగు ఎగిరి భుజం మీంచి జారింది. సర్దుకోలేదు. మూత చుట్టూ ఇత్తడి చల్లబడి తెల్లగా మంచు పట్టింది. చప్పుడు తగ్గి తగ్గి, చివరికి ఏమీ లేకుండా పోయింది.

"మస్తు సల్లగున్నది," అంది అత్తమ్మ, తన అరచేతిని చూసుకుంటూ. తర్వాత లోపలికి వెళ్ళి పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు.

పరీక్షకు వెళ్ళిన సిలిండర్ తిరిగొచ్చింది. దాన్ని నేనే నింపాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు శ్రీరాంపూర్ నుంచి బొగ్గు గనుల్లో పనిచేసే కుర్రవాళ్ళు ఆటకు వచ్చారు. మాస్కుల్లో అందరూ ఒక్కలాగే ఉంటారు. వాళ్ళలో ఒకతను ఆట మధ్యలో నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచొచ్చాడు. మనిషి పొడుగు, ఎడమ భుజం కొంచెం దిగి ఉంది. ఆ నడక అచ్చం మా ఆయనదే. డ్రమ్ము దగ్గరున్న అత్తమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"జర గది తియ్యి బిడ్డా," అంది.

అతను మాస్కు తీశాడు. నూనూగు మీసాలు, చెంపల మీద రబ్బరు అచ్చులు, చెమట. అత్తమ్మ చాలాసేపు చూసింది. అతను దోసిలి పట్టి వంగాడు.

"నీళ్ళు పొయ్యి అవ్వా," అన్నాడు.

ఆమె పోసింది. అతను తాగడం ఆపినా పోస్తూనే ఉంది. నీళ్ళు అతని బూట్ల మీద పడుతున్నాయి. అతను దోసిలి తీయలేదు.