బలం పొడి డబ్బాతో వచ్చిన కథ

బ్యాంకులోనో, కంటి ఆసుపత్రిలోనో బొమ్మల కథల పుస్తకం ఊరికే ఇస్తుంటే నేను ఇప్పటికీ ఒకటి అడిగి తీసుకుంటాను. ఇంటికొచ్చి, ఎక్కడ దొరికిందో డైరీలో రాసుకుని, బీరువాలో వరుసలో పెడతాను. కొన్న పుస్తకాలను ఇంత జాగ్రత్తగా చూసుకోను. కొనేటప్పుడు ఏది కావాలో మనమే ఎంచుకుంటాం. ఊరికే వచ్చేటప్పుడు ఏది వస్తుందో తెలియదు. ఆ ఎదురుచూపే నాకు ఇష్టం.

అది అర్ధవీడు దగ్గర మా పల్లెలో మొదలైంది. అమ్మకు టైఫాయిడ్ తగ్గాక, పాలలో బలం పొడి కలిపి తాగమని డాక్టరు చెప్పాడు. నాయన గొర్రెల బేరానికి మార్కాపురం పోయినప్పుడల్లా ఒక డబ్బా తెచ్చేవాడు. డబ్బాకు రబ్బరు బ్యాండుతో ఒక బొమ్మల పుస్తకం తగిలించి ఉండేది. ఒక రాజకుమారుడి కథ, నాలుగు భాగాలు. మా అదృష్టం కొద్దీ మొదటి మూడూ వరుసగా వచ్చాయి. అమ్మకు చదువు రాదు. ఆమె మంచం మీద పడుకుంటే నేను బొమ్మలు చూపిస్తూ చదివేవాణ్ణి. మూడో భాగం చివర రాజకుమారుడు బావిలో పడ్డాడు.

ఆ డబ్బా అయిపోయేసరికి అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వచ్చేసింది. ఇక డబ్బా అక్కర్లేదన్నాడు నాయన.

మరోసారి ఆయన బస్సుకు బయల్దేరుతుంటే అమ్మ మళ్ళీ మంచమెక్కింది. కాళ్ళు లాగుతున్నాయని, ఇంకొక్క డబ్బా తాగితే సర్దుకుంటుందని చెప్పింది. ఏ భాగం తేవాలో మాత్రం చెప్పలేకపోయింది. చెబితే ఆ నీరసం ఉత్తిదేనని బయటపడుతుంది.

సాయంత్రం డబ్బా వచ్చింది. పుస్తకం అట్ట మీద ఎర్ర గుర్రం. మా దగ్గరున్న రెండో భాగమే. అమ్మ అది చూసి గోడవైపు తిరిగి పడుకుంది. నాయన కాసేపు ఆమెను, కాసేపు పుస్తకాన్ని చూశాడు.

“ఏందే, నీరసం కాళ్ళలోనా, ఈ బుక్కులోనా?”

“ఆ పిల్లోడు బాయిలో పడినాడు. పైకొచ్చినాడో లేదో తెలియాల గదా,” అంది అమ్మ, ఇటు తిరక్కుండానే.

“ఆ మాట పొద్దున్నే చెప్పింటే ఈపాటికి పైకొచ్చిండేవాడు.”

తర్వాతి వారం నాయన ఆ పుస్తకాన్ని వెంట తీసుకుపోయి, దుకాణం ఆయన్ను బతిమాలి నాలుగో భాగంతో మార్చుకొచ్చాడు. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. నేను తెరవబోతుంటే నాయన కూడా మంచం పక్కన చతికిలబడి, తనకు కథ తెలియదని, మొదటి నుంచి చదవమని అన్నాడు. మొదటి భాగం తేవడానికి లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మూడు భాగాల కథనూ ఒక్క ఊపిరిలో ఆయనకు తనే చెప్పేసి, నా వైపు తిరిగి, “ఇంక చదువు,” అంది.