పది కాపీల దీర్ఘశాంతం

నేను చేసిన ఘనకార్యాల్లో ఒకటి చెబుతాను, వినండి. ఇందులో ఒక స్నేహితురాలి ఉద్యోగం చేతికందకుండానే జారిపోబోయింది, ఒక జెరాక్స్ షాపులో నా భక్తి బట్టబయలైంది. అంతా దేవుడి పేరు మీదే చేశాను గాని, పాపం ఆయనకు ఇందులో ఏమీ తెలియదు.

అప్పట్లో నేను తెనాలి నుంచి వచ్చి, అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటూ జావా నేర్చుకుంటున్నాను. అక్కడ ఏ విద్యయినా అరవై రోజుల్లో వచ్చేసేది, తొందరున్నవాళ్లకు ముప్పై రోజుల్లోనే. ఉద్యోగం రాకముందే రెండేళ్ల అనుభవం ఉన్నట్టు బయోడేటాలో రాసుకోవడం మా వీధి ఆచారం. నేను నీతిమంతురాలిని కాబట్టి ఆ తప్పు చేయలేదు. అంతకంటే పెద్దది చేశాను.

పంజాగుట్టలో ఒక మేడమీద ప్రతి ఆదివారం మా ప్రార్థన కూడిక జరిగేది. ఒక వారం పాస్టరమ్మగారు ఆత్మఫలాల గురించి, అంటే దేవుడి ఆత్మ మనిషిలో పండించే మంచి గుణాల గురించి చెప్పారు. ప్రేమ, సంతోషం, దీర్ఘశాంతం అనే ఓర్పు, ఇలా తొమ్మిది. కొమ్మ చెట్టును అంటిపెట్టుకుని ఉంటే పండ్లు వాటంతట అవే వస్తాయని గంటసేపు వివరించారు. ఆ గంటలో నా చెవికెక్కింది తొమ్మిది అనే అంకె ఒక్కటే. చివర్లో ఆవిడ, వచ్చే వారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, దేవుడు నాలో ఏం చేశాడో అందరి ముందూ.

సోమవారం పొద్దున్నే కూర్చుని, ఆదివారం చెప్పబోయే సాక్ష్యం రాసి పారేశాను. ఆరు రోజుల్లో నాలో తొమ్మిది ఫలాలూ ఎలా పండాయో, అంతా జరిగిపోయినట్టే పూసగుచ్చినట్టు రాశాను. ఇక మిగిలింది దాని ప్రకారం బతకడమే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు చూడండి, నాది కొమ్మా లేదు పూతా లేదు, పండు మాత్రం మహా తీపి.

సంతోషం మంగళవారానికే పూర్తయింది, హాస్టల్ ఉప్మాను చూసి కూడా నవ్వాను. గురువారం ఆశానిగ్రహం. బజ్జీల బండి ముందు కళ్లు మూసుకుని నడిచి గుంతలో కాలు పెట్టాను. ఈ హడావిడిలో ప్రార్థనకు తీరిక చిక్కలేదు. పండ్లన్నీ నేనే పండిస్తుంటే మధ్యలో దేవుణ్ని ఇబ్బంది పెట్టడం దేనికి?

శనివారానికి దీర్ఘశాంతం ఒక్కటే మిగిలింది. ఆ రోజే మా గదిలో ఉండే వరంగల్ అమ్మాయి రజితకు బేగంపేటలో పదింటికి ఇంటర్వ్యూ. అంతకుముందు రెండు పోయాయి. ఇదీ పోతే ఇంటికి వచ్చెయ్యమని వాళ్ల నాన్న చెప్పేశాడు. సర్టిఫికెట్ల జెరాక్సులు నేను తెస్తానని ఫైలు లాక్కున్నాను. పనిలో పనిగా నా సాక్ష్యం కూడా పది కాపీలు తీయిద్దామనుకున్నాను, విశ్వాసులకు పంచడానికి.

"జర జల్ది రావే, టైమ్ లేదు," అంది రజిత.

షాపు ముందు తిరునాళ్లలా జనం. దీర్ఘశాంతానికి ఇంతకంటే మంచి చోటు ఏది? ఏడుగురిని నాకంటే ముందుకు పంపించాను, ఒక్కొక్కరికీ ఒక చిరునవ్వు చొప్పున. తొమ్మిదింబావు దాటింది. నా వంతు వచ్చి, సాక్ష్యం కాపీలు చేతికందాయో లేదో, ఎనిమిదోవాడు అడగకుండానే తన లావుపాటి నోట్సు మా ఫైలు మీద పడేశాడు. ఆరు రోజులుగా బిగబట్టిందంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వాణ్ని తిట్టాను. వాడి చదువును తిట్టాను. అడ్డురాబోయిన షాపతన్ని కూడా కలిపి తిట్టాను. గెలిచినదానిలా చేతిలోని కాపీలతో గబగబా హాస్టల్‌కు వచ్చేశాను.

రజిత చేతిలో పెట్టాను. ఆమె కాగితాలు తిప్పి చూసి నన్ను చూసింది.

"గిదేందే? పదీ నీ దీర్ఘశాంతమే. నా సర్టిఫికెట్లేవి?"

ఫైలు షాపులోనే ఉండిపోయింది. వెనక్కి పరుగెత్తుతూ ఆ వారంలో మొదటిసారి ప్రార్థన చేశాను. "ప్రభువా, నా వల్ల కాదు." అంతే. అంతకంటే పొడుగు ప్రార్థనకు ఊపిరి చాలలేదు.

షాపతను ఫైలు భద్రంగా పక్కన పెట్టి, సర్టిఫికెట్లన్నీ జెరాక్స్ తీసి ఉంచాడు. నేను మరిచిపోయిన సాక్ష్యం అసలు ప్రతి అతని చేతిలో ఉంది. తీరిగ్గా చదువుతున్నాడు.

"అక్కా, గీ కాయితం రాసింది మీరేనా?" అని మర్యాదగా అడిగాడు.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నేను ఆరు రోజులు పండించలేని పండు, సాక్ష్యమేదీ రాసుకోని అతని దగ్గర కాసి ఉంది.

రజిత ఆటోలో వెళ్లింది, ఆలస్యంగానే చేరింది. అందరికంటే చివర పిలిచారట. ఉద్యోగమిచ్చారు.

మర్నాడు నా సాక్ష్యం వినడానికి తనూ పంజాగుట్ట వచ్చి వెనక వరుసలో కూర్చుంది. కాగితం బయటికి తీసే ధైర్యం లేక జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మేడంతా నవ్వింది. పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకుని అడిగారు, "మరి ఈ ఆరు రోజులూ దేవుడు ఏం చేస్తున్నాడమ్మా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి జవాబొచ్చింది. "ఆయనకు లీవిచ్చిందమ్మా. ఆయన పని సుత గీమెనే చేసింది."

అందుకని ఆ పది కాపీల సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో దేవుడికి ఒక్క పూట కూడా లీవు మంజూరు చేయను. ముఖ్యంగా నేను జెరాక్స్ షాపుకు వెళ్లే రోజున.