తాళం తీసినా ఆగని కరెంటు

కొత్త కారు కొన్నవాడి మీద నాకు కోపం లేదు. కొనుక్కోనీ. కానీ కొన్నవాడు నిన్నమొన్నటిదాకా నా కారులో నా వీపు వెనక సీట్లోనే కూర్చుని, నేను చెప్పే ముచ్చట్లకు అందరికంటే గట్టిగా నవ్వినవాడు. అక్కడ మండింది నాకు.

సంగారెడ్డి నుంచి ఇస్నాపూర్ పక్కనున్న మా మందుల కంపెనీ దాకా ఏళ్ల తరబడి ఐదుగురం నా పాత కారులోనే పోయేవాళ్లం. ముందు సీట్లో బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన, అందరికీ కాకా. వెనక ల్యాబు కుర్రాడు, స్టోర్‌లో పనిచేసే ఆయన, ప్యాకింగ్ సూపర్‌వైజర్. కొత్త కారు కొన్నవాడు ఆ సూపర్‌వైజరే. డ్రైవింగ్ నాకు సాకు, అసలు పని ముచ్చట్లు. కంది దగ్గర మొదలుపెడితే రుద్రారంలో మలుపు తిరిగి, కంపెనీ గేటు కనబడేసరికి ముగిసేది. మా నాయన బర్రెకు కూడా టికెట్ తీసుకుని జహీరాబాద్ బస్సెక్కించిన సంగతి, నేను ఒంటిచేత్తో లారీని ఆపిన సంగతి. రెండో చేతిలో చాయ్ గ్లాసు ఉంది మరి. అన్నీ నిజాలే. కొంచెం సాగినవి, అంతే.

ఒక సోమవారం పొద్దున చౌరస్తాలో రోజూ ఆగే చోట కారు ఆపితే ఒక్కడూ లేడు. ముందు ఆగి ఉన్న తళతళలాడే కారులోంచి ల్యాబు కుర్రాడు తల బయటపెట్టాడు.

“అన్నా, ఏమనుకోకు. ఈ కార్ల ప్రతి సీటుకు చార్జింగ్ ఉంది. నీ కార్ల ఒక్కటే బొక్క, అండ్ల పెడ్తె ఫోను అప్పడం లెక్క కాలుతది.”

“నువ్వు గూడ పోతున్నవా కాకా? నీకెందుకు చార్జింగు?” అన్నాను.

“చార్జింగు ఎవనిక్కావాలె తమ్మీ,” అన్నాడు కాకా సిగ్గుపడకుండా. “నాకు ఏసీ సల్లగ కొడ్తుంది.”

ఆ రోజు హైవే మీద వాళ్ల వెనకే ఒంటరిగా నడుపుకుంటూ పోయాను. ముందు కారు అద్దంలోంచి వాళ్ల తలలు నవ్వుతో ఊగుతున్నాయి. ఏం చెప్తున్నాడు వాడు? వాడికి ముచ్చట చెప్పడం రాదే! కొంపదీసి నా బర్రెనే బస్సెక్కిస్తున్నాడా? ఉండబట్టలేక గేరు మార్చి పక్కకు పోయి చూశాను. ఎవడూ ఎవడికీ ఏమీ చెప్పడం లేదు. ఎవడి ఫోను వాడు చూసి నవ్వుతున్నాడు. వాడు నా బర్రెను దొంగిలించినా ఇంత బాధ ఉండేది కాదు.

“ఆయన కారు కొంటె నువ్వెందుకు అన్నం తింటలేవు?” అని మా ఇంటావిడ అడిగింది. కంచం పక్కకు జరిపి లేచి, సంగారెడ్డి పాత బస్టాండు దగ్గరున్న ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ దగ్గరికి పోయాను.

భాయ్ డ్యాష్‌బోర్డు కింద ఇంత చెయ్యి పెట్టి లోపలున్నదంతా బయటికి లాగాడు. పాత వైర్ల తొడుగు పొడిపొడిగా రాలింది.

“ఏందన్నా ఇవి, వైర్లా, సేమియాలా? పండుగకు పాలల్ల ఏసుకోవచ్చు.”

“అన్నీ పీకెయ్ భాయ్. ప్రతి సీటుకు ఒక పాయింట్ కావాలె. వాని కార్లున్న దానికంటె ఒకటి ఎక్కువనే పెట్టు.”

“వాడెవడు?”

“ఎవడో ఒకడు. నీ పని నువ్వు చెయ్.”

భాయ్ బ్యాటరీ నుంచి లావుపాటి కొత్త వైరు లాగాడు. మొదట్లోనే ఫ్యూజు పెట్టాడు. రేకు అంచుకు వైరు తెగకుండా, అది దూరే బొక్కకు రబ్బరు తొడిగి, మ్యాటు కిందనుంచి వెనక సీటు దాకా తెచ్చాడు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేటట్టు కలపబోతుంటే నా బుర్రలో ఒక దీపం వెలిగింది.

“భాయ్, తాళం తీసినంక గూడ కరెంటు ఉండాలె.”

“ఎందుకన్నా? కార్ల సంసారం పెడ్తవా?”

“అట్లనే అనుకో.”

“బ్యాటరీ బుడ్డది. దిగిపోయి కూసుంటది.”

“ఈ బ్యాటరీనా? దీనితోని ఒకసారి ఇంజను లేకుండ సదాశివపేట దాంక పోయిన.”

భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. “నేను వైరింగ్ చేసిన ఆటోల ఒకాయన ఫ్రిజ్ పెట్టుకున్నడు. అండ్ల కుల్ఫీ గూడ అయితది,” అని, డైరెక్టుగా కలిపేశాడు. ఆ ఫ్రిజ్ ముచ్చట నాకెందుకు తట్టలేదా అని అక్కడ కూడా కాసేపు కడుపు మండింది.

తాళం తీసినా కరెంటు ఎందుకంటే, మా కంపెనీలో మంటలంటుకునే సాల్వెంట్లు వాడతారు. గేటు లోపలికి ఫోను పోకూడదు. షిఫ్టు అయ్యేదాకా అందరి ఫోన్లూ బయట పార్కింగులో ఎవరో ఒకరి బండిలో పడి ఉంటాయి. వాడి కొత్త కారులో ఎన్ని పాయింట్లుంటే ఏం లాభం, తాళం తీయగానే అన్నీ చచ్చిపోతాయి.

మర్నాడు పార్కింగులో నా కారు తలుపులన్నీ బార్లా తెరిచి నిలబడ్డాను.

“ఫోన్లు ఇటియ్యుండ్రి. పొద్దంత ఎక్కుతది. ఇంటికి పోయేటప్పుడు నిండుగ తీస్కపోండ్రి.”

ముగ్గురూ ఇచ్చారు. వాళ్ల వెనకాలే సూపర్‌వైజర్ కూడా తన ఫోను పట్టుకుని వచ్చాడు.

“నాది గూడ పెట్టరాదన్నా.”

“నీకేం తక్కువ? సీటుకొకటి ఉన్నయి గద.”

“తాళం తీస్తె బందైతున్నయన్నా.”

ఆ మాట నాకు మలీద ముద్దలా తియ్యగా ఉంది. వాడి చేతే మళ్లీ ఒకసారి చెప్పించుకుని, అప్పుడు తీసుకున్నాను.

సంగతి పాకింది. వారం తిరిగేసరికి మా షిఫ్టులో సగంమంది ఫోన్లు నా కారులోనే. ల్యాబు కుర్రాడు ఒక్కో పాయింటుకు మూడేసి తోకలుండే వైర్లు తెచ్చి పెట్టాడు. సీట్ల మీద ఫోన్లు, కింద ఫోన్లు, వెనక అద్దం దగ్గర ఫోన్లు. షిఫ్టు వదలగానే అందరూ నా కారు చుట్టూ మూగేవాళ్లు. నేను తాళం జేబులో వేసుకుని బానెట్‌కు ఆనుకుని నిలబడేవాణ్ని.

“ముచ్చట అయినంకనే తలుపు,” అనేవాణ్ని.

“అన్నా, బస్సు పోతది, జల్దీ చెప్పు!”

“జల్దీ అంటె లారీ ఎట్ల ఆగుతది? మెల్లగనే ఆగుతది.”

తిట్టుకుంటూ వినేవాళ్లు. చివరికి నవ్వేవాళ్లు కూడా. ఇంతమంది నా కారులో ఎన్నడూ పట్టలేదు. అయినా నా మంట చల్లారలేదు. ఎందుకంటే ముచ్చట అయిపోగానే నా కాకా, నా ల్యాబు కుర్రాడు, నా స్టోర్ ఆయన, నా కారులో నిండిన ఫోన్లు పట్టుకుని పోయి వాడి ఏసీలో కూర్చునేవాళ్లు. చార్జింగు నాది, సవారీ వాడిది.

ఒక రోజు సాయంత్రం ముచ్చట బ్రహ్మాండంగా ముగించి, అందరి ఫోన్లూ ఇచ్చి, రాజాలా సీట్లో కూర్చుని తాళం తిప్పాను. టిక్ అంది. మళ్లీ తిప్పాను. ఈసారి టిక్ కూడా అనలేదు.

“నాది సగమే ఎక్కింది,” అని ఒకడు గొణిగాడు.

“నాది అంతకంటె దిగింది!” అన్నాడు ఇంకొకడు.

తోసి స్టార్ట్ చేద్దామంటే పార్కింగ్ దాటగానే ఎత్తు. నలుగురు కలిసి తోశారు, కారు కదిలింది కానీ ఇంజను పలకలేదు. అప్పుడు వాడు వచ్చాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. తన కొత్త కారు ముక్కు నా కారు ముక్కుకు ఆనించినట్టు తెచ్చి ఆపాడు. డిక్కీలోంచి వైర్లు తీసి, తన బ్యాటరీని నా బ్యాటరీకి కలిపాడు. నేను తాళం తిప్పాను. నా కారు ఇంత సిగ్గులేకుండా బుర్రుమంటుందని అనుకోలేదు.

“ఇంజను బంద్ చెయ్యకన్నా, సీదా ఇంటికి పో,” అని, వాడు మిగతా ముగ్గురి వైపు తిరిగాడు. “మీరు అన్న కార్ల ఎక్కుండ్రి. నడుమల ఆగితె నూకాలె గద. నేను ఎనకనే వస్త.”

“ఏసీ ఇడిసిపెట్టి నూకనీకి పోవాల్నా?” అని కాకా నసిగాడు. అయినా వచ్చి ముందు సీట్లో, తన పాత చోటులో, కూలబడ్డాడు.

“ఫోన్లు చార్జింగు పెట్టకుండ్రి, బ్యాటరీ కమ్జోర్ ఉంది,” అన్నాను. ఎవడూ పెట్టలేదు. ఫోన్లు దిగిపోయి ఎవడికీ చేతిలో పని లేదు. రుద్రారం రాకముందే మొదలుపెట్టాను. మంజీరా ఒడ్డున మా మేనమామ చేనుకు నీళ్లు పెట్టే మోటరుకు కాపలాగా ఒక మొసలిని మచ్చిక చేసుకున్న ముచ్చట. అది ఆయనకు తప్ప ఎవరికీ లొంగదు. కరెంటు వచ్చిందంటే తోకతో ఆయన మంచాన్ని తట్టి లేపుతుంది.

“తోకతోనా? ఛల్!” అన్నాడు ల్యాబు కుర్రాడు.

“మరి చెయ్యి పొట్టిగుంటది గద దానికి.”

కాకా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేను అద్దంలో వెనక్కి చూశాను. వాడి కారు మా వెనకే, దూరం పెరగకుండా వస్తోంది. అందులో వాడొక్కడే. సీటుకొక పాయింటు, అన్నీ ఖాళీ. మా కారులో తలలు ఊగుతున్నకొద్దీ వాడు ఇంకాస్త దగ్గరికి వస్తున్నాడు.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. నేను ఇంజను ఆగిపోకుండా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి ఉంచాను. వాడు నా కుడిపక్కకు వచ్చి ఆపి, నా వైపు అద్దం దించాడు. లోపలి చల్లగాలి నా మొహానికి తగిలింది.

“ఏం ముచ్చటన్నా అది? జెర నాగ్గూడ చెప్పరాదు. ఒక్కన్నే వస్తున్న, నిద్రొస్తుంది.”

నవ్వడానికి సిద్ధంగా మొహం ముందుకు పెట్టాడు.

“చెప్పన్నా, పాపం,” అన్నాడు వెనకనుంచి స్టోర్ ఆయన.

ముచ్చటలో మొసలి అప్పుడే మోటరు స్టార్టర్ పచ్చ బటన్ దగ్గరికి పోతోంది. ఎర్ర లైటుకు ఇంకా బోలెడంత టైముంది. నేను చేత్తో తిప్పి అద్దం పైకెత్తాను. పాత కారు కదా, మెల్లగా ఎక్కుతుంది. అది పూర్తిగా మూసుకునేదాకా వాడు నన్నే చూశాడు. నేనూ వాణ్నే చూశాను.

“ఆఁ,” అన్నాను కాకా వైపు తిరిగి, “యాడున్నం మనం?”