చిన్ని కోసం వెనక్కి

రజని భర్త దోణిమలై ఇనుప గనుల్లో లారీ నడిపేవాడు. తాగొచ్చి కొట్టినప్పుడల్లా ఆమె పుట్టింటికి వెళ్లిపోయేది. అప్పుడతను పెంపుడు కుక్క చిన్నిని చావబాది, దాని అరుపులు ఫోన్‌లో వినిపించేవాడు. ఆమె తిరిగొచ్చేసేది. మొగుణ్ణి వదల్లేకపోతోందని పుట్టింటివాళ్లు విసుక్కునేవారు. కుక్క కోసమంటే నవ్వుతారని రజని నోరు విప్పలేదు.

చివరికి కంటోన్మెంట్‌లోని మహిళల ఆశ్రయానికి ఫోన్ చేసి, సిగ్గుపడుతూనే చిన్ని సంగతి చెప్పింది.

"దాన్నీ పిల్చుకొని రామ్మా. మా ఇంట్లో పెట్టుకుంటా," అంది వార్డెన్ రామక్క.

రజనికి ఏడుపు ఆగలేదు. "ఇంతేనా అక్కా! ఇన్నేండ్లూ నేను ఎవుర్నీ అడగనేలేదే."

ఇప్పుడు చిన్ని రామక్క పెరట్లో నిశ్చింతగా పడుకుంటుంది. దాని వెనక కాలు మాత్రం నేలకు ఆనదు. మొదటిసారే అడిగి ఉంటే ఆ కాలు దక్కేది కదా అనుకుంటూ, రజని రోజూ దాన్ని నిమురుతూ కూర్చుంటుంది.