మనవాళ్ళను వెతికే పద్ధతి

కెనడాలో ఆటవాకు వచ్చిన కొత్తలో నా భార్య మనుషుల్ని టెలిఫోన్ డైరెక్టరీలో వెతికేది. ఇంటిపేర్లు చూసుకుంటూ పోయి, రావు అనో రెడ్డి అనో కనబడగానే ఫోన్ చేసి, హలో కూడా అనకుండా "మీరు తెలుగువాళ్ళేనాండీ?" అని అడిగేది. ఆ రోజుల్లో ఈ దేశం వచ్చిన మనవాళ్ళు చాలామంది చేసిన పనే. ఒకసారి అలా దొరికిన రావుగారు మంగుళూరాయన. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆదివారం భోజనానికి రమ్మన్నారు, వెళ్ళాం. తిరిగొస్తూ ఆమె, "పేరు చూసి మోసపోయాను గానీ, పులుసు మాత్రం బాగుందండీ," అంది.

తరవాత ఆ పద్ధతే ఆమెకు వ్యాపారమైంది. నేను ఊరి శివారు కనాటాలో టెలికాం ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె అద్దె ఇల్లు చూసిపెట్టేది, హెల్త్ కార్డుకు అప్లై చేయించేది, చలికోట్లు కొనిపించేది, చెత్త ఏ రోజు బయట పెట్టాలో చెప్పేది. ఒక కంపెనీ వాళ్ళు, ఈ పనికి మేం ఫీజు ఇస్తాం, మా వాళ్ళందరికీ చేసిపెట్టండి అన్నారు. అలా అది ఒక చిన్న సంస్థ అయింది.

కొత్త కంపెనీలు కావాలంటే ఆమె టెక్ పార్కులో ఒక్కొక్క భవనం లాబీలోకీ వెళ్ళి, గోడ మీది బోర్డులో పేర్లు చదివేది. ఒక్క తెలుగు పేరు కనిపించినా ఆ ఆఫీసుకు ఫోన్ చేసేది. శనివారాలు నేను కారులో పుస్తకం చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆమె వచ్చి తలుపు తీసేసరికి కారులోకి చలి వచ్చేది. "దొరికారా?" అంటే, "ఒకరు," అనేది. దొరక్కపోతే ఫ్లాస్కు మూత తిప్పేది. ఆ పుస్తకాల్లో ఏముందో ఇప్పుడు చాలావరకు మరిచిపోయాను. ఆ శనివారాలు గుర్తున్నాయి.

కిందటేడు మార్చిలో ఆమె చనిపోయింది.

సంస్థను ఆమె దగ్గర పనిచేసిన అమ్మాయి నడుపుతోంది. కరీంనగర్ వైపు పిల్ల, ముప్పై దాటింది. కంపెనీలు మునుపటిలా మనుషుల్ని తెచ్చుకోవడం లేదు. పెద్ద కంపెనీలకు వాళ్ళ ఏర్పాట్లు వాళ్ళకున్నాయి. ఆ అమ్మాయి భర్త, దేశానికి పడమటి వైపున్న కాల్గరీలో ఉద్యోగం వచ్చి, వెళ్ళిపోయాడు. మంచు పడేలోగా కొత్త కంపెనీలు దొరక్కపోతే సంస్థ మూసేసి తనూ కాల్గరీ వెళ్ళిపోతానని మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెప్పింది. చెప్పి, లాప్‌టాప్ తెరిచింది.

"ఇది మాట చూసి వెతకదు అంకుల్. భావం చూసి వెతుకుతది."

"అంటే?"

"మనకు ఎట్లాంటి కస్టమర్ కావాల్నో మామూలుగా వాక్యం రాయాలె. ఈ ఏఐ కంపెనీల వెబ్‌సైట్లు, వాళ్ళ ఉద్యోగ ప్రకటనలు అన్నీ చదివి, ఆ భావానికి దగ్గరున్నోళ్ళను చూపిస్తది. మనం రాసిన మాటలు వాళ్ళ పేజీల లేకున్నా సరే."

భారతదేశం నుంచి ఇంజనీర్లను తెచ్చుకునే కనాటా సాఫ్ట్‌వేర్ కంపెనీలు అని తను అప్పటికే రాసి చూసిందట. వచ్చినవన్నీ తెలిసినవే. అందరికీ ఫోన్ చేసింది. అందరూ మాకు వేరే ఏర్పాటు ఉందన్నారు.

"ఆంటీ బోర్డులే నయం," అంది.

"దాన్నేం అనకు. నువ్వు తెలిసిందే అడిగావు, అది తెలిసిందే చెప్పింది."

"అయితే మీరు రాయండి. ఇన్ని పుస్తకాలు చదివినరు కదా."

లాప్‌టాప్ నా వైపు తిప్పింది. నేను రాసిన మొదటి వాక్యంలో పరాయి నేల, వేర్లు లాంటి మాటలు పడ్డాయి. కొట్టేశాను. నా భార్య ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆమె నిజంగా ఏం చేసేదో గుర్తు చేసుకున్నాను. ఏ మేనేజరును కలిసినా, వచ్చినవాళ్ళ గురించి కాకుండా మానేసి వెళ్ళినవాళ్ళ గురించి అడిగేది. అందుకని ఇలా రాశాను: దూరం నుంచి మనుషుల్ని పనికి తెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే వాళ్ళు వెళ్ళిపోతుంటే, ఎందుకో అర్థం కాక బాధపడే చిన్న సంస్థలు.

"బాధపడే అని కూడా పెట్టాల్నా?"

"బాధ లేనివాళ్ళు మన ఫోనెందుకు ఎత్తుతారమ్మా?"

తను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి నొక్కింది. ఈసారి వచ్చినవాటిలో కనాటా ఒక్కటీ లేదు. గంట ప్రయాణంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో కిటికీలు తయారుచేసే ఫ్యాక్టరీ, ఒక వృద్ధాశ్రమం, పుట్టగొడుగులు పెంచే ఫారం. ఫ్యాక్టరీ వాళ్ళు ఒకే ఉద్యోగానికి మళ్ళీ మళ్ళీ ప్రకటన ఇచ్చారు. చివరిదాంట్లో "మా ఊళ్ళో నిలిచేవాళ్ళే అప్లై చేయండి" అని ఉంది. అది రాసినవాళ్ళకు కొంచెం కోపం వచ్చినట్టుంది.

"వీళ్ళెవరూ మనవాళ్ళను తెచ్చుకోరు," అన్నాను.

"అవును. ఎక్కువ ఫిలిప్పీన్స్ వాళ్ళు."

"ఇది మీ ఆంటీ చేసిన పని కాదు."

తను తెర మళ్ళీ నా వైపు తిప్పింది. "సర్చ్ తప్పు చెప్పిందా అంకుల్, మీకు నచ్చంది చెప్పిందా?"

టీ పెడతానన్నాను. తాగి, కప్పు కడిగిపెట్టి వెళ్ళిపోయింది.

రెండు మూడు రోజులు నాకు ఏ పుస్తకం మీదా దృష్టి నిలవలేదు. సంస్థ మూతపడితే, మా ఇంట్లో "ఆంటీ అయితే ఏం చేసేవారో" అనే మనిషి ఉండదు. మనవాళ్ళు కారు కాబట్టి వద్దంటే, దాన్ని నా చేత్తో నేనే మూసినట్టవుతుంది. చివరికి ఫోన్ చేశాను.

"ఆ కిటికీల ఫ్యాక్టరీకి ఫోన్ చేశావా?"

"నిన్ననే చేసిన. గురువారం రమ్మన్నరు. మీకు చెప్పాలంటే భయమైంది."

"కారు నేను నడుపుతాను."

"మీరు హైవే మీద కూడా ఎనభై దాటరు. తెల్లారకముందే బయల్దేరాలె మరి."

ఫ్యాక్టరీ యజమాని దాదాపు నా వయసు ఆవిడ. పనివాళ్ళకు ఇల్లు ఇచ్చామని, హీటింగు ఖర్చు కూడా తామే పెట్టుకున్నామని, అయినా నిరుడు వచ్చినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదని చెప్పింది. అమ్మాయి తను తెచ్చిన బ్రోషర్లు బయటికి తీయలేదు. ఇల్లు చూపించమంది. శుభ్రంగా ఉంది. వంటింట్లో అలమరలు తెరిచి చూసి, సరుకుల దుకాణం ఎంత దూరమని అడిగింది. కారు లేకుండా వెళ్ళలేనంత దూరం, బస్సు లేదు.

"అడిగితే నేనే తీసుకెళ్తాను కదా," అందావిడ.

"మీరు యజమాని. ఉప్పు అయిపోయిందని మిమ్మల్ని ఎట్లా అడుగుతారు?" అంది అమ్మాయి.

ఆవిడ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదని ముఖం చూస్తే తెలిసింది. జనవరిలో రాబోయేవాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. చివర్లో ఆవిడ, "మీరు తెలుగువాళ్ళకే చేస్తారని మీ వెబ్‌సైట్లో ఉంది. నా దగ్గరికి తెలుగువాళ్ళెవరూ రారు," అంది. అమ్మాయి నా వైపు చూసింది.

"అది మార్చేస్తాం," అన్నాను.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి భర్తకు ఫోన్ చేసుకుంటానంది. కొంచెం ముందుకెళ్తే సిగ్నల్ ఉండదు. కోసేసిన మొక్కజొన్న చేను పక్కన కారు ఆపి దిగాను. "ఇప్పుడు కాల్గరీ వద్దు... ఏయ్, కోపం చేయకు... నువ్వే రారాదూ ఇటు," అనడం వినిపించింది. వినపడకుండా ఇంకొంచెం దూరం నడిచాను.

కాసేపటికి అద్దం దించి పిలిచింది.

"ఏమన్నాడు?"

"ఏమంటడు. క్రిస్మస్‌కు వస్తడట, వచ్చినంక కొట్లాడుతడట." సీటు బెల్టు పెట్టుకుంటూ, "వచ్చే వారం వృద్ధాశ్రమానికి పోదామా అంకుల్?" అంది.

నా భార్య దీనికి ఒప్పుకునేదో లేదో నాకు తెలియదు. సరే అన్నాను.