షావుకారు ముఖం తిప్పుకున్నప్పుడు

2023 వేసవి. విజయవాడ వన్ టౌన్‌లో ఎండుచేపలు, ఎండురొయ్యలు అమ్మే ఒక పాత కొట్టుకి కెమెరాలు బిగించి అప్పటికి కొన్ని వారాలైంది. గవర్నర్‌పేటలో నాకు చిన్న ఆఫీసుంది. షాపులకి సీసీ కెమెరాలు పెట్టడం, చెడితే బాగుచెయ్యడం నా పని. చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను కాబట్టి జనం కెమెరాని ఎలా చూస్తారో కొంత తెలుసు. కొత్తలో తలెత్తి చూస్తారు. కొందరు జుట్టు సర్దుకుంటారు. కొందరు "మమ్మల్ని దొంగలనుకుంటున్నావా?" అని షావుకారుతో తగువు పెట్టుకుంటారు. నెల తిరిగేసరికి అది గోడమీద బల్లితో సమానం. పర్సు పోయిన రోజున మాత్రం అందరూ దాన్నే నమ్ముకుంటారు.

ఆ కొట్టు వెంకటరత్నం గారిది. కెమెరాలు ఆయన అడగలేదు, కొడుకు కిశోర్ పెట్టించాడు. కిశోర్‌కి బెంజ్ సర్కిల్ దగ్గర వేరే షాపుంది. అక్కడ కూర్చుని ఫోన్లో ఈ కొట్టు చూసుకోవచ్చని అతని ఆలోచన. నేను నిచ్చెన మీద ఉండగా పెద్దాయన కిందనుంచి అడిగారు.

"ఇది వాసన పట్టుద్దా అండీ?"

"పట్టదండీ."

"అయితే మా సరుకు గురించి దీనికేం తెలుసుద్ది?"

మే నెలలో ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉండిపోయారు. గల్లాలో కిశోర్ కూర్చున్నాడు. ఒకరోజు పొద్దున నాకు ఫోన్ చేశాడు. "వెంటనే రండి రావు గారూ, క్లిప్ తియ్యాలి. దొంగ దొరికింది."

మా ఆవిడ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఎవరు పిలిచినా వెంటనే వెళ్ళేవాణ్ణి, ఇంట్లో ఉండటం కన్నా అదే నయంగా ఉండేది.

దొంగ అన్న మనిషి కొట్టు ముందే నిలబడి ఉంది. పేరు నాగమణి. బందరు వైపు చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, పెళ్ళయి విజయవాడ వచ్చింది. ఈ కొట్లో ఎండురొయ్యలు, మెత్తళ్ళు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని కృష్ణలంక వీధుల్లో అమ్ముకుంటుంది. ఆ తట్టని కిశోర్ లాక్కుని గల్లా పక్కన పెట్టుకున్నాడు. చుట్టూ కొనడానికొచ్చినవాళ్ళు.

"మా వరసలో కొట్లవాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది," అన్నాడు కిశోర్. "క్లిప్ అందులో పెడతా. ఇక ఏ కొట్టూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

"పెట్టు బాబూ," అంది నాగమణి. "నా మొహం బాగా కనపడేది పెట్టు. సగం కనపడేది పెడితే ఇంకెవరో అనుకుని వాళ్ళని తిడతారు." గొంతు గట్టిగానే ఉంది. కళ్ళు మాత్రం ఆ తట్ట మీదే ఉన్నాయి. ఆ వరసలో కొట్లన్నీ మూసుకుపోతే ఆమెకి సరుకు దొరికే చోటు ఇంకోటి లేదు.

స్కూటీ మీద వచ్చిన ఒకావిడ, పటమట నుంచట, కళ్ళజోడు సర్దుకుంటూ అంది. "కెమెరాలుండటం ఎంత మంచిదైంది చూడండి. తప్పు చెయ్యనివాళ్ళకి కెమెరా అంటే భయమెందుకు?"

ఈ మాట నేను ప్రతి షాపులోనూ వింటాను. విని నా పని చూసుకుంటాను.

డీవీఆర్ గల్లా కింద ఉంది. కెమెరాలు చూసిందంతా దాచుకునే పెట్టె అది. నిండగానే పాతది చెరిపేసి దానిమీదే కొత్తది రాసుకుంటుంది. కిశోర్ ఫోన్లో చూశానన్న రోజు, పెద్దాయన ఆపరేషన్‌కి ముందుది, వెతికి గోడమీది మానిటర్లో పెట్టాను. వెంకటరత్నం గారు రొయ్యలు తూచి తట్టలో పోశారు. తర్వాత ముఖం పక్కకి తిప్పి వీధిలోకి చూశారు. అదే క్షణంలో నాగమణి బస్తాలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి తట్టలో వేసుకుంది. ఆయన ఇటు తిరిగేసరికి చెంగు సర్దుకుంటోంది.

"చూశారా? నాన్న అటు చూడగానే!" అన్నాడు కిశోర్.

"అది కొసరు బాబూ," అంది నాగమణి.

"కొసరు ఇచ్చేవాళ్ళు చేత్తో ఇస్తారు. అడక్కుండా తీసుకుంటే దాన్నేమంటారు?"

చూసినవాళ్ళెవరికైనా అలాగే కనిపిస్తుంది. కానీ ఒక ముక్క చూసి క్లిప్ కట్ చెయ్యను నేను. ముందూ వెనకా చూడాలి, అది మా పని. పైగా ఆయన తల తిప్పిన తీరు నాకు తెలిసినట్టనిపించింది. మా ఆవిడ రైతు బజార్లో కూరలు కొన్నాక కరివేపాకు రెబ్బలు తనే తీసుకుని సంచిలో వేసుకునేది. ఆ వేసుకునేటప్పుడు అమ్మే మనిషి సరిగ్గా ఇలాగే పక్కకి తిరిగి ఇంకెవరితోనో మాట్లాడేది. సంచి పట్టుకుని పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశానో. ఎందుకలా తిరుగుతుందని ఎప్పుడూ అడగలేదు.

"ఇంకొంచెం చూద్దాం," అన్నాను.

"ఇంకేముంది చూడ్డానికి?"

"క్లిప్ మీరు పంపిస్తారు. తీసిచ్చేది నేను. చూశాకే ఇస్తాను."

అదే వారంలో మిగతా రోజులు పెట్టాను. ఒక ముసలాయన వచ్చాడు. తూకం అయింది, పెద్దాయన వీధిలోకి చూశారు, ముసలాయన గుప్పెడు వేసుకున్నాడు. తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అదే వరస. ఆ వెనక స్కూటీ, స్కూటీ మీంచి దిగిన కళ్ళజోడు. తూకం అయింది, పెద్దాయన తల తిప్పారు. ఆవిడ ఒక గుప్పెడు వేసుకుంది. కాస్త ఆలోచించి ఇంకో గుప్పెడు కూడా వేసుకుంది.

కొట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అది కొసరండీ!" అంది స్కూటీ ఆవిడ. మొహం ఎర్రబడింది. "ఇక్కడ ఎప్పుడూ అంతే. కావాలంటే పెద్దాయన్ని అడగండి!"

"మీదైతే కొసరు, నాదైతే దొంగతనమా అమ్మా?" అంది నాగమణి. "పైగా మీవి రెండు గుప్పెళ్ళు. నా తల్లే, అసలుకంటే మీకు కొసరు ముద్దు!"

ఈసారి అందరూ నవ్వారు. కిశోర్ నవ్వలేదు. ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నాన్నా, తూకం అయ్యాక నువ్వు వీధిలోకెందుకు చూస్తావు?"

"కొసరు పోసుకుంటారు కదరా."

"వాళ్ళు తీసుకుంటుంటే చూడవా?"

"చూస్తారేంట్రా? మనం కళ్ళప్పగించి కూర్చుంటే వాళ్ళ చెయ్యి ఎలా ముందుకొస్తది? మీ తాత కూడా అంతే. తూకం మన కన్నుతో, కొసరు వాళ్ళ చేత్తో. ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు నాన్నా. నేనే అన్నాను," అని ఫోన్ పెట్టేశాడు.

లేచి, తట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. "తప్పయింది పిన్నీ. గ్రూపులో ఏమీ పెట్టను. కావాలంటే ఈ కెమెరా కూడా తీయించేస్తా."

"కెమెరా ఏం చేసింది? ఉన్నదే చూపించింది," అంది నాగమణి. "అందరి ముందూ దొంగన్నావు. అందరి ముందే తూకం వెయ్యి."

వేశాడు. రొయ్యలు తట్టలో పోశాడు. ఆమె కదల్లేదు. అతని వైపే చూస్తూ నిలబడింది. కిశోర్‌కి అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక వీధి వైపు తిరగబోయాడు, అక్కడంతా జనం. గోడ వైపు తిరిగాడు. గోడమీద మానిటర్, దాన్ని నేను అప్పటికే లైవ్‌కి మార్చి ఉన్నాను. అందులో బస్తా, బస్తా ముందు నాగమణి చెయ్యి.

నేను మానిటర్ స్విచ్ ఆపేశాను.

కెమెరా మనిషి చేసిన పని చూపిస్తుంది. ఆ పని ఎవరి ఇష్టంతో చేశాడో చూపించదు. ఆ సంగతి కొట్టు మనుషుల్ని అడిగి తెలుసుకోవాలి. అప్పటినుంచి ఏ షాపులోనైనా నిచ్చెన వెయ్యకముందే అడుగుతున్నాను: మీ దగ్గర కొనేవాళ్ళకి ఏమేం చెల్లుతుంది? మిఠాయి కొట్లో రుచి చూడటం చెల్లుతుందా, పూల కొట్లో మూర మీద జానెడు చెల్లుతుందా? "మీకెందుకండీ?" అని కొందరు నవ్వుతారు. నవ్వినా చెప్పించుకుంటాను. కెమెరా చూసేవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళకి కూడా అది చెప్పి వస్తాను. ఆ తర్వాత నేను పెట్టిన కెమెరాల వల్ల అలాంటి తగువు ఇంకోటి రాలేదు.

వెంకటరత్నం గారు నల్ల కళ్ళద్దాలతో మళ్ళీ గల్లాలోకి వచ్చాక ఒకసారి అటు వెళ్ళాను. నాగమణి తట్ట దించి నిలబడి ఉంది. తూకం అయింది. పెద్దాయన వీధిలోకి చూస్తూ నన్ను పలకరించారు. ఆమె నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, బస్తాలో చెయ్యి పెట్టింది.