స్పెయిన్ కోచ్‌కి మా సంఘం సన్మానం

ఈ వ్యవహారంలో మొదటి తెలివితక్కువవాణ్ణి నేనే. మేముంటున్న ఓక్‌విల్ ఊళ్లో చలికాలం పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకోవడానికి గాలి నింపిన పెద్ద బుడగలాంటి డోమ్ ఒకటి ఉంది. మా అమ్మాయి ప్రాక్టీసు అయ్యేదాకా నేను అందులో బెంచీ మీద వణుకుతూ కూర్చునేవాణ్ణి. నా పక్కన జుట్టు నెరిసిన పెద్దాయన ఒకరు మనవరాలి కోసం వచ్చి కూర్చునేవారు. మోకాలు పట్టుకుని లేచే తీరు చూసి రిటైరైన హెడ్మాస్టరేమో అనుకున్నాను. ఊరికే కూర్చోవడం ఎందుకని ఆయనకి ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాను. మిడ్‌ఫీల్డర్లు ఎక్కడ నిలబడాలో కాఫీ కప్పుల మూతలు పరిచి మరీ చూపించాను. ఆయన శ్రద్ధగా విని, ఒక మూతని కొంచెం వెనక్కి జరిపి, ఇప్పుడు బాగుందన్నారు. నేను ఒప్పుకోలేదు. మళ్లీ ముందుకి జరిపాను.

ఆయన వయసులో ఉన్నన్నాళ్లూ స్పెయిన్‌లో మిడ్‌ఫీల్డరుగా ఆడి, తర్వాత దేశదేశాల్లో కోచ్‌గా పనిచేశారని ఇంటికి వెళ్లేటప్పుడు కార్లో మా అమ్మాయి చెప్పింది. నేను ఎర్ర లైటు పడకపోయినా బండి ఆపేశాను. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి మరుసటి వారం ఇంకో తెలివితక్కువ పని చేశాను. మా తెలుగు సంఘంలో నలభై దాటినవాళ్ల జట్టుకి కోచ్‌గా రమ్మని ఆయన్ని పిలిచాను.

మా జట్టు ఆట మీది ప్రేమతో పుట్టింది కాదు. ఊరి లీగ్‌లో మలయాళీలకి జట్టుంది, పోర్చుగీసులకి ఉంది, మనకి లేకపోతే బాగుండదని పెట్టాం. మాకు వచ్చిన ఆట క్రికెట్. బంతి గాల్లోకి లేచిందంటే మా డిఫెండర్ల చేతులు వాటంతటవే క్యాచ్‌కి లేచేవి. ఎదుటివాళ్లకి పెనాల్టీ ఇచ్చేసినా సరే, క్యాచ్ పట్టినవాణ్ణి అభినందించకుండా ఉండలేకపోయేవాళ్లం.

కోచ్ ఒకటే షరతు పెట్టారు. సీజన్ చివరిదాకా తనని ఉంచాలి. ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి విజిల్ వినాలని ఉంది, అంతే. ఇదేం కోరిక అని అడిగితే ఆయన కథంతా బయటికొచ్చింది.

ఆడినన్నాళ్లూ ఆయన పని వెనకనుంచి వచ్చిన బంతిని పక్కవాడికి ఇవ్వడం. ఇన్ని పాసులు చేసి కూడా పేపర్లో నెంబరు పడని మనిషిని నేనింకొకర్ని చూడలేదు. గోల్ కొట్టినవాణ్ణి జనం భుజాల మీద మోస్తుంటే, వాడికి బంతి ఇచ్చినవాడికి బంతి ఇచ్చిన మనిషిగా ఈయన వెనకాల నడిచి వచ్చేవారట. మొత్తమ్మీద కొట్టింది ఒకే ఒక్క గోల్. అదీ వానలో, తమ సొంత గోల్‌లోకి.

మోకాలు పోయాక కోచ్ అయ్యారు. కోచ్‌గా ఏ దేశంలోనూ సీజన్ ముగింపు చూడలేదు. ఒక ద్వీపంలో క్లబ్ యజమాని బావమరిదే గోల్‌కీపరు. అతన్ని కూర్చోబెట్టిన మర్నాడే ఈయన్ని నిలబెట్టి పంపేశారు. ఒక చలిదేశంలో మైదానం మీద మంచు కరగకముందే తీసేశారు. అక్కడి గడ్డి ఏ రంగో ఆయనకి ఇప్పటికీ తెలీదు. సొంత దేశంలోనైతే టీమ్ బస్సు పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు తీసేశామని చెప్పారట. బస్సు వెళ్లిపోయింది, ఆయన తింటున్న శాండ్‌విచ్‌తో అక్కడే ఉండిపోయారు.

మా దగ్గర అలాంటిది జరగదని నేను మాటిచ్చాను. నేను నడపని సంఘం తరఫున, నా చేతిలో లేని మాట.

ఆయన మాకు చెప్పిన మొదటి పాఠం పరిగెత్తొద్దని. "బంతిని పరిగెత్తనివ్వండి. దానికి మోకాళ్లు లేవు" అన్నారు. మా వాళ్లు ఇంత ఇష్టంగా విన్న డాక్టరు సలహా కూడా లేదు. హాఫ్‌టైమ్‌లో మిగతా జట్లు నారింజ తొనలు తింటుంటే మేం పులిహోర తినేవాళ్లం. దాన్ని చూసి ఆయన కాసేపు ఆలోచించి, రెండో సగంలో నడవడం కూడా తగ్గించమన్నారు. గెలవడం మొదలుపెట్టామని చెప్పను గానీ, ఓటమిలో ఒక పద్ధతి వచ్చింది. మా మీద పడే గోల్స్ తగ్గాయి. గోల మాత్రం పెరిగింది.

గోలకి కారణం మా సంఘం అధ్యక్షులవారు. వృత్తి రియల్టర్, నమ్మకం స్ట్రైకర్. పెనాల్టీ బాక్సులో తనని కాపలా కాసే ప్రతి డిఫెండర్‌నీ ఇల్లు కొనే ఉద్దేశం ఉందా అని అడిగేవారు. ఒకసారి బంతి ఆయన కాళ్ల మధ్యనుంచి వెళ్లిపోతుంటే, ఆయన ఎదుటి గోల్‌కీపర్‌కి పక్క ఊరు మిల్టన్‌లో టౌన్‌హౌస్ ఎందుకు మంచిదో వివరిస్తున్నారు. కోచ్ ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌లోనూ కూర్చోబెట్టారు. ఓడినప్పుడల్లా అధ్యక్షులవారు నా వైపు చూసి, "మన ఫుట్‌బాల్ పండితులవారు తెచ్చిన కోచ్ అండీ" అని పదిమందికీ వినపడేలా అనేవారు.

ఆఖరి మ్యాచ్ మలయాళీలతో. దానికి ముందు వారం కమిటీ అధ్యక్షులవారి బేస్‌మెంట్‌లో సమావేశమై కోచ్‌కి సన్మానం చెయ్యాలని తీర్మానించింది. దాని అర్థం నాకు తెలుసు. మా సంఘంలో ఎవర్నీ తీసెయ్యం, సన్మానిస్తాం. మైకు వదలని గాయకుణ్ణి, ఉగాది భోజనాల్లో ఉప్పు ఎక్కువేసిన వంటాయన్ని అలాగే సాగనంపాం. కప్పు గెలవడం మాకు చేతకాదు గానీ, శాలువా కప్పడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు.

మ్యాచ్‌కి ముందురోజు పార్కులో పిక్నిక్. అక్కడే సన్మానం. ఇంకొక్క రోజాగితే సీజన్ అయిపోతుంది కదా అని బతిమాలాను.

"ఆఖరి మ్యాచ్‌లో నేను ఫార్వర్డ్ ఆడాలండీ. మా ఇన్‌లాస్ ఇండియా నుంచి వచ్చారు, చూస్తామంటున్నారు" అన్నారు అధ్యక్షులవారు. "అయినా గౌరవంగానే పంపుతున్నాం కదా? శాలువా ఉంది, మెమెంటో ఉంది. తెచ్చింది మీరే కాబట్టి ఆయన్ని ఇంట్రడ్యూస్ చేసేదీ మీరే. లాస్ట్‌లో మాత్రం, ఇక నుంచి టీమ్ బాధ్యత అధ్యక్షులవారిదని క్లియర్‌గా అనౌన్స్ చేసెయ్యండి."

సన్మానం సంగతి కోచ్‌కి చెప్పాను. తనని క్లబ్బులవాళ్లు ఎప్పుడూ ఫోన్లోనే పిలిచారని, స్టేజీ మీదకి ఎవరూ పిలవలేదని, ఇంట్లోవాళ్లని తెచ్చుకోవచ్చా అని అడిగారు. తెచ్చుకోండన్నాను. సన్మానమంటే సాగనంపడమని మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర వాపోయాను.

"మైకు ఎవరి చేతిలో ఉంటుంది?" అంది.

"నా చేతిలోనే."

"మరి ఏడుపెందుకు?" అని తను వెళ్లి పప్పుకి పోపు పెట్టుకుంది.

జూలై ఎండలో ఆయన సూటు వేసుకుని వచ్చారు. కూతురు, అల్లుడు, మనవరాలు ముందు వరసలో కూర్చున్నారు. మనవరాలు ఫోన్‌తో వీడియో తీస్తోంది. నేను పరిచయం మొదలుపెట్టాను. మన వేదికల మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే అవమానం కాబట్టి ఉన్నదాన్నే కొంచెం ఎత్తులో పెట్టాను. జీవితంలో అన్నీ పాసైన మనిషి అన్నాను. తన జట్టు, ఎదుటి జట్టు అనే భేదం చూడకుండా గోల్ కొట్టిన సమదర్శి అన్నాను. చప్పట్లు మోగాయి. పక్కన శాలువా మడత పట్టుకుని నిలబడ్డ అధ్యక్షులవారు ఇక కానివ్వమన్నట్టు తలాడించారు.

అప్పుడు నేను, ఒక ముఖ్యమైన ప్రకటన అన్నాను. మా అధ్యక్షులవారు ఎన్నాళ్లుగానో స్ట్రైకర్‌గా చేసిన సేవలు చాలని, యువతరానికి చోటివ్వాలని తలచి, ఈ రోజుతో ఆటనుంచి విరమిస్తున్నారన్నాను. వినయం కొద్దీ చెప్పొద్దన్నా చెబుతున్నానన్నాను. రేపటి మ్యాచ్‌ని కోచ్ గారే ఆఖరి విజిల్ దాకా నడిపిస్తారన్నాను. అధ్యక్షులవారి అత్తమామలే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.

మా సభల్లో చప్పట్లు పడ్డ మాటని వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. చప్పట్లు వినగానే అధ్యక్షులవారి చేతులు శాలువాతో సహా అలవాటుగా నమస్కారంలోకి వెళ్లిపోయాయి. వెళ్లాక ఎందుకు వెళ్లాయో అర్థమైనట్టుంది, ముఖం మారింది. ఆ చేతుల్లోంచి శాలువా తీసి నేను కోచ్ చేతిలో పెట్టాను. కోచ్ నా చెవి దగ్గరికి వంగి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగారు. మా ఆచారమనీ, ఇది అధ్యక్షులవారికి కప్పితే ఆయనిక ఆడరనీ చెప్పాను.

జీవితమంతా యజమానులు కోచ్‌ని తీసేశారు. ఆయన శాలువా మడత విప్పి, అంచులు సరిచూసి, అధ్యక్షులవారి రెండు భుజాల చుట్టూ జాగ్రత్తగా, చాలా ప్రేమగా కప్పారు. ఫోటో సరిగా పడలేదని చెప్పి, నేను అధ్యక్షులవార్ని ఆ ఎండలో ఇంకాసేపు అలాగే నిలబడమన్నాను.